బ్రోచర్ మీద విదేశీ ఆర్కిటెక్ట్ పేరు ఉంటే ఫ్లాట్ కొనేవాళ్ళకు ఒరిగేదేంటి?

మణికొండ వాసి:

నమస్తే అండి. కోకాపేట వైపు రెండు ప్రాజెక్టులు చూసి ఎటూ తేల్చుకోలేకపోతున్నాం. రెండూ నలభై అంతస్తులు దాటినవే, ఫ్లాట్ సైజు కూడా దాదాపు ఒకటే. మొదటిదాని బ్రోచర్ తెరిస్తే సింగపూర్ ఆర్కిటెక్ట్ సంస్థ పేరు, వాళ్ళు వేరే దేశాల్లో చేసిన టవర్ల ఫొటోలు. సేల్స్ కుర్రాడు మాట్లాడినంతసేపూ ఆ సంస్థ గురించే. రెండోదాని ఆర్కిటెక్ట్ హైదరాబాద్ వాళ్ళేనట, అడిగితే గానీ పేరు చెప్పలేదు. మొదటిదానికి చదరపు అడుగుకు వెయ్యికి పైనే ఎక్కువ.

మా మావయ్యగారు "పేరున్నవాళ్ళు గీస్తే రేపు అమ్మేటప్పుడు రేటు పలుకుతుంది" అంటున్నారు. మా ఆవిడ మాత్రం అందులో బట్టలు ఎక్కడ ఆరేయాలో చూపించమంది. డ్రయ్యర్ కొనుక్కోమన్నారు! ఎత్తైన బిల్డింగులు గీయడంలో మనవాళ్ళకు తెలియనిది, బయటివాళ్ళకు తెలిసింది నిజంగా ఏమైనా ఉందా?

తుళ్ళూరు కుర్రాడు:

పెద్ద పేర్ల సంగతి మమ్మల్ని అడగండి అన్నా. 2016 మార్చిలో అమరావతి రాజధాని భవనాల డిజైన్ పోటీలో జపాన్ ఆర్కిటెక్ట్ మాకీ గారి సంస్థ గెలిచిందన్నారు. బ్రిటన్ ఆర్కిటెక్ట్ రిచర్డ్ రోజర్స్ సంస్థ, మన బి.వి. దోషి గారి సంస్థ వాస్తుశిల్ప కూడా అందులో పోటీపడ్డాయి. అసెంబ్లీ బొమ్మ బయటికి రాగానే పవర్ ప్లాంట్ గొట్టాల్లా ఉందని జనం ఆడుకున్నారు. ఏడాది తిరక్కుండానే వాళ్ళ స్థానంలో లండన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. 2018 డిసెంబర్‌లో సెక్రటేరియట్ టవర్ల పునాదికి రాఫ్ట్ (అడుగంతా పరిచే మందపాటి కాంక్రీట్ పలక) పోశారు, 2019లో పని ఆగింది, గుంతల్లో ఏళ్ళ తరబడి నీళ్ళు. 2024లో ఐఐటీ మద్రాస్ వాళ్ళు వచ్చి పునాదులు చూశారు, తర్వాత నీళ్ళు తోడించారు. ఇందులో ఆర్కిటెక్ట్ ఎవరైతే మాత్రం ఏం చేస్తాడు? మీ బిల్డర్ ఇంతకు ముందు ప్రాజెక్టు చెప్పిన టైముకి ఇచ్చాడో లేదో చూడండి ముందు.

గీతల పని:

నేను ఆర్కిటెక్ట్‌నే. మాసాబ్ ట్యాంక్ ఆర్కిటెక్చర్ కాలేజీలో చదువుకుని ఈ ఊళ్ళోనే పని చేస్తున్నాను. ఎక్కువగా చేసేది, బయటి సంస్థ కాన్సెప్ట్ ఇస్తే దాన్ని ఇక్కడ కట్టడానికి వీలయ్యేలా మార్చే పని. మీ బ్రోచర్‌లో కనపడని పేర్లు మావి.

విదేశీ సంస్థతో ఒప్పందం చాలాసార్లు కాన్సెప్ట్ వరకే, మహా అయితే డిజైన్ డెవలప్‌మెంట్, అంటే ఆ ఆలోచనకు వివరాలు చేర్చే దశ దాకా. ప్లాన్లు, ఎలివేషన్ (భవనం బయటి రూపం), కళ్ళు చెదిరే త్రీడీ బొమ్మలు వస్తాయి. అక్కడి నుంచి పర్మిషన్ డ్రాయింగులు, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), స్ట్రక్చర్ వాళ్ళతో ప్లంబింగ్ వాళ్ళతో కుస్తీ, సైట్లో మేస్త్రీ చేతికి వెళ్ళే జీఎఫ్‌సీ (చూసి కట్టేయొచ్చు అనే ఆఖరి) డ్రాయింగులు, అన్నీ ఇక్కడి ఆఫీసు నెత్తినే. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ళే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. బయటి దేశం వాళ్ళు ఫలానా ప్రాజెక్టుకని కేంద్రం ముందస్తు అనుమతితో కన్సల్టెంట్‌గా చేయొచ్చు.

మీ ఆవిడ అడిగింది చిన్న ప్రశ్న కాదు. నేను పని చేసిన ఒక ప్రాజెక్టుకు (పేరు వద్దులెండి) బయటి నుంచి వచ్చిన ప్లాన్‌లో వంటిల్లు హాల్లోకి తెరిచి ఉంది, మధ్యలో ఐలాండ్ అనే విడి గట్టు, వాష్ ఏరియా అన్నదే లేదు. వాషింగ్ మెషీన్ ఎక్కడ, పనమ్మాయి గిన్నెలు తోమేది ఎక్కడ, పోపు ఘాటు పోయేది ఎటు? ఈ పనులకు యుటిలిటీ అని చిన్న బాల్కనీ కలుపుదామంటే ఎలివేషన్ పాడవుతుందని మెయిళ్ళ మీద మెయిళ్ళు. చివరికి దాన్ని లోపలికి నెట్టి, ముందు నిలువుగా అల్యూమినియం ఫిన్స్ (పలుచటి పట్టీలు) పెట్టి ఒప్పించాం.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల కథ ఇంకా ఘోరం. బయట గట్టు ముచ్చటగా ఇచ్చారు, దాని మీదికి వెళ్ళే దారి మరిచారు. ముప్ఫయ్యో అంతస్తులో గ్యాస్ నింపాలంటే మెకానిక్ బెడ్‌రూమ్ కిటికీ ఎక్కి అటు దిగాలి. నడుముకు తాడు, కింద వంద మీటర్ల దాకా ఏమీ లేదు. బాల్కనీ వైపు నుంచి ఆ గట్టు మీదికి చిన్న గ్రిల్ తలుపు పెట్టించేసరికి ప్రతి ఫ్లాటులోనూ బాల్కనీ కాస్త తగ్గింది. సేల్స్ టీమ్ నాతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు.

అలాగని వాళ్ళకేమీ తెలియదనను. అదే ప్రాజెక్టులో ఉదయం ఆఫీసుల టైములో లిఫ్ట్ కోసం ఎంతసేపు నిలబడాలో లెక్కకట్టి, లిఫ్టులను కింది అంతస్తులకు కొన్ని, పైవాటికి కొన్ని అని విడగొట్టింది వాళ్ళే. మనవాళ్ళం చాలామందిమి ఇప్పటికీ లిఫ్టులు అంచనాగానే వేస్తాం. గాలి సంగతీ అంతే. పక్క టవర్ ఉంటే గాలి ఒత్తిడి మారిపోతుంది, నమూనా చేసి విండ్ టన్నెల్‌లో, అంటే గాలి వదిలి పరీక్షించే సొరంగంలో పెట్టి చూడాలి. మన దేశంలో ఎత్తైన కాంక్రీట్ భవనాలకంటూ ఐఎస్ 16700 కోడ్ వచ్చిందే 2017లో. 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలంతో పోల్చి ఎంత కట్టొచ్చనే లెక్క) పరిమితి లేదు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌ల (చుట్టూ వదిలే ఖాళీ) మీదే ఎత్తు తేలుతుంది. ఎత్తుకు వెళ్ళడానికి దారి ముందు తెరుచుకుంది, అనుభవం వెనక వస్తోంది. ఆ ఖాళీలోకే విదేశీ సంస్థలు వచ్చాయి.

ఇక ఎండ. కోకాపేటలో "వ్యూ" అంటే గండిపేట చెరువు, అంటే పడమర. ఆ వైపు నేల నుంచి సీలింగ్ దాకా అద్దం పెడితే ఏప్రిల్లో సాయంత్రం నాలుగింటికి ఆ హాల్లో కూర్చుని చూడండి. ఇదే చిక్కు ముంబైలో మన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియాకూ ఎదురైంది. సముద్రం, గాలి పడమర నుంచే, మండే ఎండ, వాన జల్లు కూడా అటు నుంచే. 1983లో పూర్తయిన ఆయన కాంచన్‌జంగా టవర్లో 28 అంతస్తులు. మూలలు తొలిచి రెండంతస్తుల ఎత్తు వరండాలు ఇచ్చాడు, ఇల్లు వాటి వెనక నీడలో ఉంటుంది. పాత బంగళా చుట్టూ ఉండే వరండానే ఎత్తుకు తీసుకెళ్ళాడు. ఈ ఊరి బిల్డర్‌కి అలాంటిది చూపిస్తే మొదటి మాట, "మేడమ్, ఆ వరండా ఏరియాకి ఎవడు డబ్బులిస్తాడు?"

మనవాడు కాబట్టి చేశాడంటారేమో. పాండిచ్చేరిలో గోల్కొండ అనే హాస్టల్‌ను గీసింది చెక్ దేశంలో పుట్టిన ఆంటోనిన్ రేమండ్. గోడల బదులు కదిలే రెక్కలు పెట్టాడు, గాలి వస్తుంది, ఎండ రాదు. ఆయన దగ్గర పని చేసిన జార్జ్ నకషిమా అక్కడే ఉండి కట్టించాడు. మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కూడా బెల్జియం దేశస్థుడు జాస్పర్ గీసిందే, హైదరాబాద్ ఆర్కిటెక్ట్ జైన్ యార్ జంగ్ దగ్గరుండి నడిపించాడు, 1939కి పూర్తయింది. కాబట్టి ఏ దేశం వాడన్నది నేను అడగను, సైట్ మీద ఎన్నాళ్ళున్నాడని అడుగుతాను.

దుబాయ్ సివిల్:

మేడమ్ చెప్పింది నిజం. ఇక్కడ బుర్జ్ ఖలీఫా చికాగో ఎస్‌ఓఎం సంస్థ డిజైన్, సైట్ మీద పర్యవేక్షణ హైదర్ కన్సల్టింగ్‌ది. డిజైన్ ఒకరు, బాధ్యత ఇంకొకరు అనేది ఇక్కడ మామూలే, కానీ ఎవరి బాధ్యత ఎక్కడిదాకానో కాగితం మీద ఉంటుంది.

నేను చూసినంతలో అసలు తేడా వచ్చేది చివర్లో, రేటు తగ్గించడానికి సామాను మార్చేటప్పుడు. గీసినవాళ్ళు ఒక అద్దం రాస్తారు, కాంట్రాక్టర్ "దానికి సమానమైనది" అని ఇంకోటి తెస్తాడు. బయటి గోడలకు తొడిగే క్లాడింగ్ ప్యానెళ్ళూ అంతే. 2015 డిసెంబర్ 31 రాత్రి డౌన్‌టౌన్‌లో 'అడ్రస్' అనే హోటల్ బయటి గోడల వెంట మంట పైకి పాకడం ఊరంతా చూసింది. ఆ తర్వాత ప్యానెల్ లోపలి పొర ఏమిటో అడగకుండా నేను ఏ శాంపిల్ మీదా సంతకం పెట్టలేదు.

విదేశీ అంటారా, చికాగో సియర్స్ టవర్ స్ట్రక్చర్ తేల్చిన ఫజ్లుర్ రెహమాన్ ఖాన్ పుట్టింది ఢాకా దగ్గర. చికాగోకి మనవాళ్ళే విదేశీయులు.

మణికొండ వాసి:

అందరికీ థాంక్స్ అండి. మేడమ్, సైట్ మీద ఎవరున్నారో మాలాంటివాళ్ళం ఎలా కనుక్కోవాలి? రీసేల్ సంగతి కూడా చెప్పండి, మావయ్యగారికి జవాబివ్వాలి.

గీతల పని:

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరవండి. ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్ పేర్లు అక్కడ ఇవ్వాలి. బ్రోచర్‌లో పేరు అక్కడ లేకపోతే మోసమని కాదు, వాళ్ళ పని కాన్సెప్ట్‌తో ముగిసిందని అర్థం చేసుకోవచ్చు. అప్పుడు అక్కడున్న ఇద్దరూ ఇంతకు ముందు ఇంత ఎత్తు కట్టించారా అని అడగండి. విండ్ టన్నెల్ చేయించారా, ఎక్కడ అని అడగండి. చేయిస్తే గొప్పగా చెప్పుకుంటారు, చేయించకపోతే మాట మారుస్తారు. శాంక్షన్ ప్లాన్ (అధికారులు మంజూరు చేసిన ప్లాన్) కాపీ తీసుకుని బ్రోచర్ పక్కన పెట్టి చూడండి. రెరా సెక్షన్ 14 ప్రకారం, చిన్న సవరణలు పక్కన పెడితే, మూడింట రెండు వంతుల కొనుగోలుదార్లు ఒప్పుకోకుండా శాంక్షన్ అయిన ప్లాన్ మార్చకూడదు. బ్రోచర్‌లోని త్రీడీ బొమ్మకి ఆ రక్షణ ఉందనుకోకండి.

మావయ్యగారికి చెప్పండి, రీసేల్‌కి వచ్చేవాడు ఓసీ (నివాసయోగ్యత పత్రం) ఉందా, మెయింటెనెన్స్ ఎంత, నీళ్ళెలా అని అడుగుతాడు. ఆర్కిటెక్ట్ ఎవరని అడిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. మెయింటెనెన్స్ అంటే గుర్తొచ్చింది, మొత్తం అద్దాల టవరైతే అద్దాలు తుడిచేందుకు పైనుంచి వేలాడదీసే గొండోలా ఖర్చు రేపు అసోసియేషన్ మీదే పడుతుంది, అది ఇప్పుడే అడగండి.

మోడల్ ఫ్లాట్‌కి మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి, టేపు పట్టుకెళ్ళండి. గది పెద్దగా కనపడాలని మామూలు కొలత కంటే చిన్న మంచాలు వేయించేవాళ్ళున్నారు.