రొట్టెకు, చేపల వేపుడుకు కార్బన్ స్టీల్ పెంక: ఎంత మందం?

దేవరకొండ వాసి:
నాన్‌స్టిక్ మానేసి కార్బన్ స్టీల్ పెంక కొందామనుకుంటున్న. పోత ఇనుముది అమ్మ ఎత్తలేదు. గ్యాస్, ఇండక్షన్ రెండూ ఉన్నయి. ఎంత మందం తీసుకోవాలె?

పాలమూరు పొయ్యి:
ఇండక్షన్ ఉంటే 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. అంతకన్న పల్చటిది నడుమ ఒక్కసారిగ కాగితే అడుగు ఉబ్బుతది, గాజు మీద గిర్రున తిరుగుతది. మంట సిమ్ములనే మొదలుపెట్టండి.

కొత్తదానికి తుప్పు పట్టకుండ మైనమో నూనెనో పూసి ఉంటది. వేడినీళ్లు, సబ్బుతో గట్టిగ తోమి పొయ్యి మీద ఆరబెట్టండి. అర చెంచా పల్లినూనె పూసి, అసలు పూయనే లేదన్నట్టు పొడిబట్టతో తుడిచేయాలె. పొగలొచ్చి తగ్గేదాక కాగనియ్యండి. ఇట్ల మూడు నాలుగు సార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లపొర కడ్తది. నూనె మందంగ ఉంటే గట్టిపడక బంకబంకగ మిగులుతది, చాలామంది చెడగొట్టేది ఇక్కడనే. కిటికీ తెరిచి పెట్టుకోండి.

దేవరకొండ వాసి:
చేపల పులుసు గూడ పెట్టొచ్చా?

మిర్యాలగూడ వంటిల్లు:
వేపుడు సరే, పులుసు వద్దు. చింతపండు ఆ నల్లపొరను తినేస్తది, కూరకు ఇనుము రుచి తగులుతది. పొర పోయినా పెంక పోదు, మళ్లా రెండు పూతలు చాలు. మన బోరునీళ్లు అట్లనే ఆరనిస్తే తెల్లమరకలు, ఆపైన తుప్పు. కడగంగనే పొయ్యి మీద ఆరబెట్టి చుక్క నూనె రుద్దండి.

పాలమూరు పొయ్యి:
జొన్నరొట్టెకు మాత్రం వేరే పెంక పెట్టుకోండి. నూనె లేకుండ అంతసేపు కాలితే పొర మాడి బూడిదరంగుకు తిరుగుతది, తెల్లారి గుడ్డు వేస్తే అతుక్కుంటది.