‘పదుగురాడు మాట’: చెల్లడమంటే ఒప్పు అని అర్థమా?

ప్రశ్న: ఈ వేమన పద్యం అందరికీ నోటికి వచ్చిందే.

పదుగురాడు మాట పాడియై ధర జెల్లు
నొక్కడాడు మాట యెక్కదెందు

సినిమా రేటింగ్ మీదైనా, మందుల మీదైనా వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు దీన్ని పట్టుకొస్తున్నారు. ‘పదిమంది మాటే న్యాయమని వేమనే అన్నాడు, మధ్యలో మీ నిపుణులెవరు?’ అంటున్నారు. పద్యం చెప్పేది అదేనా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: కాదండీ. ‘ధర’ అంటే ఇక్కడ రేటు కాదు, భూమి. ‘పాడి’ అంటే న్యాయం. ‘ఇది నీకు పాడియా?’ అన్నప్పటి పాడి. అసలు కిటుకు ‘చెల్లు’లో ఉంది. చెల్లని కాసు, చెల్లని నోటు అంటాం కదా, ఆ చెల్లడమే. పదిమంది అన్న మాట లోకంలో న్యాయంగా చలామణీ అవుతుందన్నాడే గానీ, అదే న్యాయమని అనలేదు. దొంగనోటు కూడా పట్టుబడేదాకా చెల్లుతుంది. నా చెవికి ఇందులో మెచ్చుకోలు కన్నా ఎత్తిపొడుపే ఎక్కువగా వినిపిస్తుంది.

టీవీ చర్చలు చూడండి. ‘ఈ మందు పనిచేస్తుందా?’ అని తెర కింద ఓటింగ్ పెడతారు: అవును, కాదు, చెప్పలేను. పైన నాలుగు గళ్లలో నలుగురు. అందులో డాక్టరుగారు ‘ఇంకా పరీక్షలు పూర్తి కాలేదు, ఇప్పుడే చెప్పలేం’ అంటారు. పక్క గడిలో ఉన్నాయన బల్ల గుద్ది ‘మా వాళ్లందరికీ తగ్గింది’ అంటాడు. ఎవరి మాట ఎక్కుతుందో వేరే చెప్పాలా? తెలిసినవాడు తెలియనిది కూడా ఒప్పుకుంటాడు కాబట్టి తెర మీద తేలిపోతాడు.

మరొకరు: మాస్టారూ, జనాన్ని మరీ తీసిపారేయకండి. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లాండు శాస్త్రవేత్త ఒక పశువుల ప్రదర్శనలో జరిగిన పందెం లెక్కలు వేశాడు. ఎద్దును కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పాలి. పనికొచ్చిన చీటీలు 787. వాటిని వరుసలో పేరిస్తే నడిమి అంచనా 1207 పౌన్లు, అసలు తూకం 1198. పదుగురాడు మాట పాడి అయింది కదా!

జవాబు: అయింది, కాదనను. కానీ ఆ చీటీలు ఎలా వచ్చాయో చూడండి. ఎవరి అంచనా వారిది, పక్కవాడి అంకె చూసి రాసింది కాదు. చీటీకి డబ్బు కట్టాలి కనుక సరదాకి రాసేవాళ్లు తక్కువ. రాసినవాళ్లలో కసాయివాళ్లు, రైతులూ ఉన్నారు. పైగా చివర్లో తక్కెడ ఉంది, ఎవరిది తప్పో తేల్చేసింది. మన రేటింగులకు ఇవేవీ లేవు. నక్షత్రాలు ముందే కనిపిస్తాయి, వాటిని చూసే మనం నొక్కుతాం. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. కొన్ని వ్యాఖ్యలకు పరిశోధకులే ముందుగా ఒక దొంగ లైక్ కొట్టారు. తర్వాత చూసిన మొదటి మనిషి లైక్ కొట్టే అవకాశం 32 శాతం పెరిగింది, చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ఒక్కడాడిన మాటే పదుగురి మాటగా చెల్లిపోయిందన్నమాట. దొంగ డిస్‌లైక్‌ను మాత్రం జనమే సరిదిద్దేశారు, అది వారి పుణ్యం.

సినిమా సంగతి వేరు. నచ్చిందా అన్నది జనాన్నే అడగాలి, అందులో విమర్శకుడికి ఉన్నదీ ఒక్క ఓటే. ఎలా తీశారు అన్నది ఇంకో ప్రశ్న. రెండింటికీ కలిపి ఒకే అంకె వేయడం దగ్గరే పేచీ.

ఇంకొకరు: నిపుణులు కూడా పదుగురే కదండీ? ఖండాలు కదులుతాయని 1912లో వెగెనర్ చెబితే భూవిజ్ఞానులే చాలామంది కొట్టిపారేశారు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త, వాళ్ల లెక్కలో పరాయివాడు.

జవాబు: బాగా పట్టుకున్నారు. ఈ పద్యంలో పండితుడు, పామరుడు అన్న మాటే లేదు. ఉన్నది పదుగురు, ఒక్కడు. ఆ పదుగురు పట్టాలున్నవాళ్లయినా తీరు అదే. వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్‌లో పోయేనాటికీ ఆయన మాట ఎక్కలేదు. 1960లలో సముద్రం అడుగు రాళ్ల అయస్కాంత కొలతలు వచ్చాక భూవిజ్ఞానులే మనసు మార్చుకున్నారు. ఓటింగ్ పెట్టి మార్చింది కాదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘ఎక్కదెందు’లో ఎందు అంటే ఎక్కడా అనేనా?

జవాబు: అవునండీ, ఎక్కడా ఎక్కదు అనే.