అల్‌స్టర్ స్కాట్స్‌కి, పక్క యాసకి హద్దు ఎక్కడ? తెలిసినవాళ్లు చెప్పండి

భాషాశాస్త్రం చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి ఉత్తర ఐర్లండ్‌లో మాట్లాడే అల్‌స్టర్ స్కాట్స్ (స్కాట్లండ్ నుంచి వచ్చిన మాట) తీసుకున్నాను. ఎంత చదివితే అంత ఇష్టం పెరుగుతోంది కానీ, ఒక్క చోట గట్టిగా ఆగిపోయాను.

చరిత్ర వరకు ఇబ్బంది లేదు. 17వ శతాబ్దంలో నైరుతి స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఆంట్రిమ్, డౌన్ కౌంటీల్లో స్థిరపడ్డారు. ఇంగ్లండ్ వాళ్లు లగాన్ లోయ వైపు చేరారు. అందుకే కొద్ది మైళ్లకే మాట మారిపోతుంది. 1960ల్లో భాషావేత్త రాబర్ట్ గ్రెగ్ పల్లెల్లో పెద్దవాళ్ల మాట విని హద్దుల మ్యాప్ గీశారు. సరిహద్దు అవతల, ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఉన్న తూర్పు డనీగాల్ కూడా అందులో ఉంది. అల్‌స్టర్ స్కాట్స్‌ని స్కాట్స్ భాషలో ఒక శాఖగా చూడటమే సరైనదని నా అభిప్రాయం.

నా సమస్య ఇప్పటి మాటతో. ఒకే మనిషి ఒక వాక్యంలో 'డిన్నే' (don't), 'కెన్నే' (can't) అంటాడు, తర్వాతి వాక్యంలో మామూలు అల్‌స్టర్ ఇంగ్లీష్ మాట్లాడతాడు. పదాలను బట్టి తేల్చడం కుదరట్లేదు, ఎందుకంటే 'వీ' (చిన్న), 'థాన్' (ఆ, అదిగో ఆ) లాంటివి స్కాట్స్ రానివాళ్లూ వాడతారు.

మరి దేన్ని నమ్మాలి? క్రియకి చివర వచ్చే ఆ 'నే'నా, అచ్చుల ఉచ్చారణనా? వాక్యంలో భాష మారిన చోటుని మీరైతే ఎలా గుర్తిస్తారు? ఆంట్రిమ్ కౌంటీలోని బాలిమీనా వైపు పెరిగినవాళ్ల ఆడియో ఉచితంగా ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, పనిచేసే చోట ఏం వింటున్నారో రాస్తే చాలా సాయం చేసినవాళ్లవుతారు.