ప్రోగ్రాము కాదన్న ‘వికటకవి’

ప్రశ్న: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థుల చేత, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పదాలను గుర్తించే చిన్న ప్రోగ్రాము రాయించాను. ‘నటన’, ‘జలజ’ ఇస్తే సరేనన్నది కాని ‘వికటకవి’ని మాత్రం కాదన్నది. తెనాలి రామకృష్ణుని బిరుదుకే ఎసరు పెట్టిన ఈ దోషం ఎక్కడిదో పెద్దలు చెప్పగలరు.

జవాబు: మనం అక్షరాలను తిరగేస్తున్నామండి, ప్రోగ్రాము యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్యనిచ్చే ప్రమాణం) సంకేతాలను తిరగేస్తున్నది. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంఖ్య, దాని మీది గుడికి మరొక సంఖ్య ఉంటాయి కనుక, మనకు అయిదక్షరాలైన వికటకవి అక్కడ వ, గుడి, క, ట, క, వ, గుడి అనే ఏడు సంకేతాల వరుసగా నిల్వ అవుతుంది. ఆ వరుసను చివరినుంచి చదివితే మొదట ఏ హల్లూ లేని ఒంటి గుడి వస్తుంది, తరువాత ‘వకటకివ’ మిగులుతుంది. తలకట్టుకు వేరే సంఖ్య లేకపోవడం వల్లనే ‘నటన’ బతికిపోయింది. ‘కునుకు’, ‘పులుపు’ ఇచ్చి చూడండి, అవీ తప్పుతాయి. (‘కిటికీ’ని కాదంటే మాత్రం ప్రోగ్రామును నిందించకండి, అక్కడ దీర్ఘం నిజంగానే అడ్డు.)

‘వికటకవి’ పొడవు అడిగితే పైథాన్ 7 అంటుంది. సంకేతాలను బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి ఫైలులో అదే పదం 21 బైట్లు. ఛందస్సులో ఒకే గురువైన ‘స్త్రీ’ సంగతి ఇంకా చిత్రం: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిసి 6 సంకేతాలు, 18 బైట్లు. చదువరి ఒక్క అక్షరంగా చూసేదాన్ని విడదీయకుండా ఉంచవలసిన యూనికోడ్ నియమాలు కూడా దీన్ని పొల్లు దగ్గరల్లా తెంచి మూడు ముక్కలు చేసేవి. 2023లో వచ్చిన 15.1 కూర్పుతో తెలుగు సంయుక్తాక్షరాలకు ఆ బాధ తప్పింది.

మీ విద్యార్థులు తిరగేయడానికి ముందు పదాన్ని అక్షరాలుగా కోయాలి. అచ్చు కనబడినా, వెనక పొల్లు లేని హల్లు కనబడినా కొత్త అక్షరం మొదలైనట్టు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, పొల్లు వెంట వచ్చే హల్లు ముందున్న అక్షరానికే చేరుతాయి. ఆ ముక్కలను జాబితాలో పెట్టి జాబితాను తిరగేస్తే వికటకవి గెలుస్తాడు. పాదభ్రమకాలు (ప్రతి పాదమూ ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పద్యాలు) కట్టిన కవులు తిరగేసినదీ ఈ ముక్కలనే.

ప్రశ్న: కృతజ్ఞతలు. అయితే ‘సాఫ్ట్‌వేర్’ను ఈ నియమం నాలుగు ముక్కలు చేస్తున్నది.

జవాబు: నిజమే, అజంత పదాలను (అచ్చుతో ముగిసేవాటిని) మనసులో ఉంచుకొని చెప్పిన నియమమది. పొల్లుతో ముగిసే ముక్కను ఛందస్సులో వలె ముందు అక్షరానికి కలిపితే ‘సాఫ్ట్’, ‘వేర్’ అని రెండే మిగులుతాయి. పోల్చేటప్పుడు మరొకటి గమనించండి: ‘ట్’కూ ‘వే’కూ నడుమ, వకారం వత్తుగా మారకుండా ఆపే కనబడని సంకేతం ఒకటి ఉన్నది. అది కూడా లెక్కలోకి వస్తుంది కనుక దాన్ని పోల్చడానికి ముందే తీసివేయాలి, కాని కోత పూర్తయిన తరువాతనే.