బాలీలో పెళ్ళికి 14 మందిమి వెళ్తున్నాం: టికెట్లు, పచ్చళ్ళు, నగల విషయంలో ఏం చూసుకోవాలి?

బ్రాడీపేట 4వ లైను
మా మేనమామ గారబ్బాయి పెళ్ళి బాలీలో, నూసా దువాలోని ఒక రిసార్టులో పెట్టారు. గుంటూరు, విజయవాడ కలిపి 14 మందిమి. నలుగురు 65 దాటినవాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. టికెట్లు ఇంకా తీయలేదు. గన్నవరంలో ఎక్కాలా, శంషాబాద్ పోవాలా? వీసా ముందే కావాలా? అమ్మావాళ్ళు ఆవకాయ, పొడులు, ఎండుకొబ్బరి, మామిడాకులు అన్నీ సర్దేస్తున్నారు. నగలు కూడా బాగానే ఉంటాయి. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గన్నవరం రోడ్డు
ఏ ఊళ్ళో ఎక్కినా సరే, మొదటి విమానం నుంచి దేన్‌పసార్ (బాలీ విమానాశ్రయం) దాకా ఒకే టికెట్‌గా ఉండాలండి. చవగ్గా వస్తోందని సింగపూర్ దాకా ఒకటి, అక్కణ్ణించి ఇంకోటి విడివిడిగా తీస్తే, సింగపూర్‌లో పెట్టెలు తీసుకుని బయటికొచ్చి మళ్ళీ చెకిన్ చేయాలి. బయటికి రావాలంటే మనకి సింగపూర్ వీసా కావాలి. అది లేకపోతే ఇక్కడే ఎక్కనివ్వకపోవచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు కూడా పోతాయి.

గన్నవరంలో ఎక్కి బెంగళూరులో మారితే అక్కణ్ణించి నేరుగా విమానం ఉంది. శంషాబాద్ అంటే బెజవాడ నుంచే కారులో ఐదారు గంటలు, అక్కడికి మూడు గంటల ముందు చేరాలి. పెద్దవాళ్ళకి విమానం ఎక్కకముందే ఓపిక అయిపోతుంది. కాస్త ఎక్కువైనా గన్నవరమే మంచిదని నా అభిప్రాయం. మామూలు బుకింగులో ఒకసారికి 9 మందికే ఇస్తారు కాబట్టి పెద్దవాళ్ళు, పిల్లలు, వాళ్ళకి తోడుండేవాళ్ళు ఒకే బుకింగులోకి వచ్చేలా చూడండి. వీల్‌చెయిర్ కావాలని టికెట్ తీసేటప్పుడే రాయించండి.

పాస్‌పోర్టులు ఇవాళే బీరువాలోంచి తీయించండి. దిగే రోజు నుంచి కనీసం 6 నెలల గడువు ఉండాలి. కుట్టు ఊడినా, తడిసినా, పేజీ మూల చిరిగినా బాలీలో వెనక్కి పంపిన సందర్భాలున్నాయి, అందుకే విమానం వాళ్ళు ఇక్కడే ఆపేస్తారు. కొత్తది త్వరగా కావాలంటే తత్కాల్‌కి మామూలు ఫీజు మీద 2,000 రూపాయలు అదనం. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి టికెట్ మీద పొడి అక్షరమే ఉంటే కౌంటర్ దగ్గర చిక్కే.

వీసా దిగాకైనా ఇస్తారు: తలకి 5 లక్షల రుపయా (ఇండోనేషియా డబ్బు, మన రూపాయలు కాదు), 30 రోజులకి. పిల్లలకీ విడిగా కట్టాలి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే పెద్దవాళ్ళకి ఒక లైను తప్పుతుంది. కాకపోతే ఇండోనేషియా ఇమిగ్రేషన్ సొంత సైట్‌లోనే కట్టండి, అదే రూపంలో ఎక్కువ గుంజే సైట్లు చాలా ఉన్నాయి. బాలీ పర్యాటక రుసుము 1.5 లక్షల రుపయా వేరే. దిగడానికి ముందు 3 రోజుల్లోపు 'ఆల్ ఇండోనేషియా' అనే ఆన్‌లైన్ ఫారం (ఆ దేశంలో దిగే ప్రతివాళ్ళూ ఇచ్చేది) నింపి క్యూఆర్ కోడ్ ఫోన్‌లో పెట్టుకోవాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

గవర్నర్‌పేట
పెట్టెలోంచి ముందు ఎండుకొబ్బరి తీయించండి. నూనె ఎక్కువ కాబట్టి వేడికి దానంతటదే అంటుకునే సరుకు కింద లెక్క, చెకిన్ పెట్టెలో కూడా ఒప్పుకోరు. హారతి కర్పూరం, అగ్గిపెట్టె కూడా అంతే.

మామిడాకులు, కరివేపాకు, పూలు, తమలపాకులు మొక్కల క్వారంటైన్ కిందికి వస్తాయి, దిగాక తీసేసుకుంటారు. తీసుకెళ్ళే అవసరమూ లేదు. బాలీ హిందువులు రోజూ దేవుడి ముందు పెట్టే చనాంగ్ సారిలో కొబ్బరాకు, పూలు, తమలపాకు అన్నీ ఉంటాయి, బజారు నిండా అవే. కొబ్బరికాయలకీ కొదవలేదు. పెళ్ళివారు రిసార్టుకి ముందుగా జాబితా ఇస్తే చాలు.

ఆవకాయ చేతి సంచిలో వద్దు, 100 మిల్లీలీటర్ల నిబంధన దగ్గర ఆగిపోతుంది. గాజు సీసా అసలే వద్దు. సీలు వేసి, లేబులున్న ప్యాకెట్టే కొనండి. మన పచ్చళ్ళ షాపుల్లో విదేశాలకని అడిగితే గాలి తీసి ప్యాక్ చేసిస్తారు. ఇంటిదే కావాలంటే ప్లాస్టిక్ డబ్బాలో ముప్పాతిక వంతే నింపి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, పైన టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టండి. నిండా నింపితే విమానంలో గాలి ఒత్తిడి తగ్గినప్పుడు నూనె మరల్లోంచి పైకి తన్నుతుంది. పట్టుచీరలున్న పెట్టెలో మాత్రం పెట్టకండి. రొయ్యల పచ్చడి, మటన్ పచ్చడి ఇక్కడే వదిలేయండి. గసగసాలు పడిన మసాలా పొడి కూడా, సింగపూర్ మీదుగా వెళ్తే మరీ.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి ఫర్వాలేదు. మీద ఆ అంకె చెరిగిపోతే తీసేసుకోవచ్చు.

పటమట
నగల గురించి. ఇక్కణ్ణించి వేసుకెళ్ళినవే తిరిగి తెస్తున్నామని చూపించే కాగితం కస్టమ్స్ ఇచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. దేశం దాటే విమానాశ్రయంలో, ఇమిగ్రేషన్‌కి ముందు తీసుకోవాలి. బెంగళూరులో మారితే బెంగళూరులోనే, గన్నవరంలో కాదు. నగలు, బిల్లులు లేదా అప్రైజర్ (నగలకి విలువ కట్టేవాళ్ళు) ఇచ్చిన బరువు, విలువల కాగితం, ఒక్కో నగకి ఫొటో దగ్గరుంచుకోండి. అందుకని మారే చోట కనీసం నాలుగు గంటల తేడా ఉండే విమానం చూడండి. నగలు చెకిన్ పెట్టెలో వేయకండి.

నన్నడిగితే తాళి, గాజులు, ఒక గొలుసు చాలు. మిగతా అలంకారానికి చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు పట్టుచీర మీదికి చక్కగా నప్పుతాయి, ఈ కాగితాల పనీ ఉండదు. చదివింపులు కూడా ఇక్కడి రిసెప్షన్‌లోనే ఇవ్వండి. అక్కడ నోట్ల కవర్లిస్తే మోసుకురావాల్సింది పెళ్ళివారే. మన నోట్లు మనిషికి 25,000 రూపాయలకి మించి బయటికి తీసుకెళ్ళకూడదు.

బ్రాడీపేట 4వ లైను
అందరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు. శుభలేఖలో ముహూర్తం ఉదయం 9:12 అని ఉంది, అది ఏ టైము? నాన్నగారు రాత్రి నిద్రమాత్ర వేసుకుంటారు, పట్టుకెళ్ళొచ్చా?

గన్నవరం రోడ్డు
లగ్నం పెళ్ళి జరిగే చోటి సూర్యోదయాన్ని బట్టి కడతారు కాబట్టి బాలీ టైమే అయ్యుండాలి, అయినా పురోహితుల్ని ఒకమాట అడగండి. బాలీ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ 9:12 అంటే మన 6:42. పెద్దవాళ్ళు ముందురోజు కాకుండా రెండు రోజుల ముందు దిగితే మంచిది. చేతి గడియారాలు దిగగానే మార్పించండి.

నిద్రమాత్రలకి అక్కడ చట్టం గట్టిది. డాక్టరు చేత మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో రాయించి సంతకం, ముద్ర వేయించండి. మాత్రలు స్ట్రిప్పుల్లోనే, పేరు కనబడేలా, చేతి సంచిలో పెట్టండి. విడి డబ్బాల్లోకి తీయకండి. ఆల్ప్రజోలామ్, ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు లాంటివైతే వేరే మందు మార్చగలరేమో డాక్టర్‌గారిని ఇప్పుడే అడగండి.