కంది దగ్గర ట్రైలర్ మీద పోయింది ట్యాంకు కాదా? అయితే ఏంటది?

కంది కుర్రోడు:
మొన్న ఆదివారం పొద్దున్నే సంగారెడ్డి నుంచి బైక్ మీద వస్తుంటే పెద్ద ట్రైలర్ మీద టార్పాలిన్ కప్పిన బండి ఒకటి కనిపించింది. కింద ట్యాంకుకి ఉన్నట్టే చైన్లు, ముందుకి సన్నటి గొట్టం. ట్యాంకు అన్నాను. వెనక కూర్చున్న మా బావమరిది "కాదు బావా, బీఎంపీ, ఎద్దుమైలారంలో చేస్తారు" అని నా పరువు తీశాడు. ఇంటికొచ్చి చూస్తే లోపల సైనికులు కూడా కూర్చుంటారని ఉంది. ట్యాంకులు ఉండగా మళ్లీ ఇదెందుకు? 1980 నాటి రష్యా డిజైన్ ఇంకా ఎందుకు వాడుతున్నారు? వెనక తలుపుల్లో డీజిల్ పోస్తారని ఒక వీడియోలో చెప్పారు, అది నిజమా, ఎవరైనా అల్లిన కథా?

పాత మెకనైజ్డ్:
మీ బావమరిది కరెక్టుగానే చెప్పాడు. కాగితాల మీద దాని పేరు సారథ్, సైన్యంలో మేం మాత్రం బీఎంపీ అనేవాళ్లం.

ట్యాంకు ఊరి దాకా రాగలదు కానీ ఇళ్లల్లోకి, బంకర్లలోకి దూరి వెతకలేదు, అది కాలినడక సైనికుడి పనే. అతను నడుచుకుంటూ వస్తే ట్యాంకుతో సమానంగా రాలేడు, లారీలో వస్తే మొదటి మెషిన్‌గన్ దెబ్బకే అయిపోతాడు. అందుకని ట్యాంకు వెనకే పరిగెత్తే, తూటాలు ఆపే, తన తుపాకీతో తనూ పోరాడే బండి కావాల్సి వచ్చింది. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు. 30 ఎంఎం ఫిరంగి, దూరంగా ఉన్న ట్యాంకు కోసం కాంకర్స్ క్షిపణి, అది మన భారత్ డైనమిక్స్ (బీడీఎల్) చేసేదే.

తలుపుల సంగతి కథ కాదు తమ్ముడూ, నిజమే. పెద్ద డీజిల్ ట్యాంక్ అయితే లోపలే ఉంటుంది, మధ్యలో దానికి వీపు ఆనించి అటు ముగ్గురం ఇటు ముగ్గురం బయటి వైపు తిరిగి కూర్చుంటాం, ఏడోవాడి సీటు ముందు డ్రైవర్ వెనక. తలుపుల్లో డీజిల్ పోరుకి ముందే, ప్రయాణంలోనే వాడేయాలి. కొత్తలో అది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తర్వాత అలవాటైపోయింది. మే నెలలో రాజస్థాన్ ఎక్సర్‌సైజుల్లో ఆ వెనక పెట్టెలో కూర్చున్నవాడికి డీజిల్ కంటే ఎండే పెద్ద శత్రువు.

టౌన్‌షిప్ పిల్ల:
మా నాన్న ఆ ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలోనే చేసి రిటైరయ్యారు, అందుకే ఆగలేక రాస్తున్నాను. 1984 జూలైలో శంకుస్థాపన చేసింది ఇందిరాగాంధీ, అప్పుడు ఆవిడ మెదక్ ఎంపీ కూడా. 1987లో మొదటి సారథ్ బయటికొచ్చింది. ఇంకో సంగతి, ఐఐటీ హైదరాబాద్ 2008లో మొదలైంది కూడా మా ఫ్యాక్టరీ ఆవరణలోనే, కంది క్యాంపస్ తర్వాత వచ్చింది. ట్యాంకుల్ని కొట్టే నాగ్ క్షిపణి మోసే నామికా కూడా ఇదే బండి మీద కట్టిందే. 2020లో 156 కొత్త బీఎంపీలకి సుమారు 1,094 కోట్ల ఆర్డర్ వచ్చింది, కాబట్టి పాతదని తీసి పారేయకండి 🙂

లెక్కల మాస్టారు:
ఆర్డర్ వస్తే బండి మంచిదైపోతుందా అమ్మా? సైడ్ కవచం పెద్ద మెషిన్‌గన్ గుండుకే తూట్లు పడుతుంది. ఉక్రెయిన్ వీడియోలు చూడండి, బీఎంపీలు అగ్గిపెట్టెల్లా కాలిపోతున్నాయి, సైనికులు లోపల కూర్చోకుండా పైన కూర్చుని పోతున్నారు. అదే అమెరికా వాళ్ల ఇలాంటి బండి బ్రాడ్లీకి దెబ్బ తగిలినా లోపలివాళ్లు చాలాసార్లు దిగి పరిగెడుతున్నారు. దీని బదులు కొత్తది చేస్తామని మన దగ్గర 15 ఏళ్లకు పైగా మాటలే నడుస్తున్నాయి.

పాత మెకనైజ్డ్:
మాస్టారూ, మీరు చెప్పింది కాదనను. పైన కూర్చోవడం సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో పోరాడిన నాటి అలవాటే: మైన్ పేలితే లోపలున్నవాడు పోతాడు, పైనున్నవాడు ఎగిరి పడి బతకొచ్చు.

కానీ రేకు ఎందుకు పల్చన అంటే, ఈ బండి ఈదాలి. బరువు 14 టన్నుల పైచిలుకు, ముందు పలక లేపి, పంపులు ఆన్ చేసి నేరుగా కాలువలోకి దించితే చైన్లు తిప్పుకుంటూ గంటకి 7 కిలోమీటర్లు పోతుంది. పంజాబ్ సరిహద్దులో అన్నీ కాలువలే, అక్కడ బ్రిడ్జి వేసేదాకా ఆగడమంటే అవతలివాడికి టైమివ్వడమే. కవచం మందం చేస్తే బ్రాడ్లీలాగా పాతిక టన్నులు దాటుతుంది, అప్పుడు ఈత మర్చిపోవాల్సిందే. లద్దాఖ్‌లో కూడా తేలిక బండి ఉపయోగం తెలిసింది, అయితే ఆ ఎత్తులో 285 హార్స్‌పవర్ ఇంజన్‌కి ఊపిరాడదన్నదీ నిజమే.

నా ఉద్దేశంలో అసలు లోటు కవచం కాదు, చూపు. రాత్రి అవతలివాడు మనల్ని ముందు చూస్తే ఎంత మందం ఉన్నా లాభం లేదు. 2024 మార్చిలో 693 బండ్లకి కొత్త నైట్ సైట్లు, టార్గెట్‌ని తనే వెంటాడే ఫైర్ కంట్రోల్ (గురిపెట్టే వ్యవస్థ) పెట్టడానికి ఒప్పందం అయింది, అది పదేళ్ల ముందే కావాల్సింది.

కంది కుర్రోడు:
థాంక్స్ అన్నా. ఒక్క డౌట్ మిగిలింది, గొట్టం అంత సన్నగా ఎందుకు? పెద్ద ఫిరంగి పెడితే ఇంకా మంచిది కదా?

పాత మెకనైజ్డ్:
పెట్టి చూశారు. దీని ముందున్న బీఎంపీ-1కి 73 ఎంఎం ఉండేది. 1973లో ఇజ్రాయెల్‌తో యుద్ధంలో ఈజిప్టు, సిరియా వాళ్లు వాడితే గాలికి గుండు పక్కకి పోయేది. పైగా అది ఎక్కువ పైకి లేవదు, అఫ్గాన్ కొండల్లో పైనుంచి కొట్టేవాడి వైపు గురిపెట్టలేకపోయారు. ఈ 30 ఎంఎం 74 డిగ్రీల దాకా లేస్తుంది, రెండు రకాల గుండ్లు రెండు బెల్టుల్లో రెడీగా ఉంటాయి, ఎదురుగా మనుషులా బండా అన్నదాన్ని బట్టి స్విచ్ మార్చుకోవడమే. ఈసారి ట్రైలర్ కనిపిస్తే గొట్టం కాదు, కింద చక్రాలు లెక్కపెట్టు: పక్కకి ఆరు, అన్నీ చిన్నవి.