17 ఏళ్ల అబ్బాయి, పాత కారు: మెయిన్ డ్రైవర్ అని ఎవరి పేరు రాయాలి?

రీడింగ్_నాన్న
ఇంగ్లండ్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఒక ప్రశ్న. మావాడు పోయిన నెల డ్రైవింగ్ టెస్టు పాసయ్యాడు. కాలేజీకి వెళ్లిరావడానికి పాత హ్యుందాయ్ ఐ10 ఒకటి చూశాం, 3,200 పౌండ్లు చెప్తున్నారు. వాడి పేరు మీద ఇన్సూరెన్స్ కోట్ (ఏడాది ప్రీమియం అంచనా) తీస్తే 2,140 వచ్చింది. నేను మెయిన్ డ్రైవర్, వాడు నేమ్డ్ డ్రైవర్ (అప్పుడప్పుడు నడిపేవాడిగా పాలసీలో పేరున్నవాడు) అని మార్చి చూస్తే 910. కారు కొనేది నా డబ్బుతోనే, ఉండేది నా పేరు మీదే. నాకు ఆఫీసుకు వేరే కారు ఉంది లెండి. ఫ్రెండ్స్‌ని అడిగితే "అందరం అలాగే చేశాం, ఏం కాదు" అంటున్నారు. మీరేం చేశారు? ఉన్నదున్నట్టు చెప్పండి.

స్లౌ_శాస్త్రి
జవాబు మీ పోస్టులోనే ఉంది కదండీ. "కాలేజీకి వెళ్లిరావడానికి" అన్నారు, "నాకు వేరే కారు ఉంది" అన్నారు. అంటే ఐ10 రోజూ నడిపేది మీ అబ్బాయే. మీ పేరు ముందు పెట్టి వాణ్ణి వెనక దాచడాన్ని ఇక్కడ ఫ్రంటింగ్ అంటారు, మోసం కిందే లెక్క. డబ్బు ఎవరిది, వీ5సీ (కారు రిజిస్ట్రేషన్) కాగితంలో ఎవరి పేరుంది అనేవి వేరే ప్రశ్నలు. వాటికి మీ పేరే రాయండి, తప్పులేదు. ఎక్కువగా నడిపేది ఎవరు అన్న దానికి మాత్రం నడిపేవాడి పేరే రాయాలి.

హౌన్స్లో_బావ
శాస్త్రిగారూ, మరీ అంత గట్టిగా అనకండి. మనవాళ్లకు ఈ ప్రశ్నే కొత్త. మా ఊళ్లో నాన్న పేరు మీదున్న మారుతిని నేను నడిపాను, తమ్ముడు నడిపాడు, పెళ్లిళ్ల సీజన్‌లో బాబాయి కొడుకు కూడా నడిపాడు. లైసెన్స్ ఉంటే చాలు. అక్కడ ఇన్సూరెన్స్ బండికి. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సైజును బట్టి ఉంటుంది, 2022లో 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు ఉండేది. నడిపేవాడికి 18 ఏళ్లా 58 ఏళ్లా అని ఎవరూ అడగరు. ఇక్కడేమో వయసు, పోస్ట్‌కోడ్, ఉద్యోగం, రాత్రి కారు ఎక్కడ పెడతారు, అన్నీ కావాలి. ఆ అలవాటుతో వచ్చినవాళ్లం, "కారు నాదే కాబట్టి మెయిన్ డ్రైవర్ నేనే" అనుకోవడంలో వింతేముంది?

లెస్టర్_అమ్మ
వింతేం లేదు. కానీ అనుకున్నదానికి మేం ఎంత కట్టామో చెప్తాను.

మూడేళ్ల కిందటి సంగతి. పెద్దోడి కారుకు మెయిన్ డ్రైవర్‌గా నా పేరు పెట్టాం. నేను ఆ కారు నడిపింది మహా అయితే రెండుసార్లు, అదీ మా వీధిలోనే. నవంబర్‌లో ఒక మంగళవారం పొద్దున 8:40కి వాడు కాలేజీ దగ్గర ఆగి ఉన్న వ్యాన్‌ను వెనక నుంచి గుద్దాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. క్లెయిమ్ పెట్టాం.

పది రోజులకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగింది. ఆ తర్వాత, మీరు ఆఫీసుకు ఎలా వెళ్తారు, ఆ కారులోనేనా అంది. అవునన్నాను. మీ ఇంట్లో ఇంకో కారుకు కూడా మెయిన్ డ్రైవర్‌గా మీ పేరే ఉంది కదా, రెండూ ఎలా నడుపుతారు అంది. నోట మాట రాలేదు. పెట్రోల్ ఎక్కడ కొట్టిస్తారని అడిగితే మా ఇంటి పక్క సూపర్‌మార్కెట్ పేరు చెప్పాను. "పెట్రోల్ మూత కారుకు ఏ వైపు ఉంటుందండీ?" అంది.

నాకు తెలియదు. వంటింట్లో నిలబడి కిటికీలోంచి బయటికి చూశాను, కారు రిపేర్ షెడ్‌లో ఉందన్న సంగతి కూడా మర్చిపోయి. ఎడమ వైపు అన్నాను. కుడి వైపట.

పాలసీని మొదటి రోజు నుంచే చెల్లదన్నారు. మేం కట్టిన ప్రీమియం తిరిగి ఇవ్వలేదు. మా కారు రిపేర్ మా నెత్తినే పడింది. వ్యాన్ అతనికి కంపెనీ డబ్బిచ్చి, తర్వాత మా దగ్గర వసూలు చేసింది. 14 నెలలు కట్టాం. పోలీసుల దాకా పోకపోవడం ఒక్కటే అదృష్టం. ఇప్పటికీ ఏ ఫారం నింపినా "ఇంతకుముందు మీ పాలసీ ఏదైనా రద్దయిందా" అనే గడి వస్తుంది, అవును అని కొట్టాలి. ఆ ఒక్క టిక్‌కే రేటు పెరుగుతుంది. ఆరోజు మిగిలాయనుకున్నది వెయ్యి పౌండ్లు.

క్లెయిమ్స్_కుర్చీ
నేను ఈ పనిలోనే ఉన్నాను, కంపెనీ పేరు చెప్పను. లెస్టర్ అమ్మగారు చెప్పినలాంటి ఫోన్లు మాకు మామూలే. మొదట చూసేవి ప్రమాదం జరిగిన చోటు, టైము, వారంలో ఏ రోజు అన్నది. 50 ఏళ్ల ఆవిడ "రోజూ నడిపే" కారు ప్రతిసారీ సిక్స్త్ ఫార్మ్ (మన ఇంటర్ లాంటిది) కాలేజీ గేటు దగ్గరే ఉంటే ఎవరికైనా అనుమానం రాదా?

2012లో చేసిన చట్టం ఒకటి ఉంది, 2013 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అడిగినదానికి తగిన జాగ్రత్తతో నిజం చెప్పే బాధ్యత మనదని దాని సారం. పొరపాటున తప్పు చెప్పారా, కావాలనే చెప్పారా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. కావాలని అని తేలితే పాలసీ రద్దు చేసి క్లెయిమ్ మొత్తం ఆపేయొచ్చు. అజాగ్రత్త అని తేలితే, కట్టాల్సిన ప్రీమియంలో ఎంత భాగం కట్టారో క్లెయిమ్‌లో అంత భాగమే ఇవ్వొచ్చు. రీడింగ్ నాన్నగారి లెక్కే తీసుకుంటే, 2,140కి 910 కట్టినట్టు కాబట్టి 100 పౌండ్ల నష్టానికి దాదాపు 42 పౌండ్లు. రెండు కోట్‌లూ పక్కపక్కన పెట్టుకుని తక్కువది ఎంచుకున్నాక "పొరపాటు" అంటే ఎవరు నమ్ముతారు?

కంపెనీ నిర్ణయం అన్యాయం అనిపిస్తే ముందు వాళ్లకే ఫిర్యాదు ఇవ్వండి, 8 వారాల్లో జవాబు చెప్పాలి. ఆ తర్వాత ఇలాంటి గొడవలు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చు ఉండదు.

ఇంకోటి, పిల్లల వైపు నుంచి. పాలసీ రద్దయ్యాక, ఇన్సూరెన్స్ లేకుండా నడిపి పట్టుబడితే మామూలుగా 300 పౌండ్ల జరిమానా, 6 పాయింట్లు. టెస్టు పాసైన రెండేళ్ల లోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్స్), థియరీ, ప్రాక్టికల్, అన్నీ మొదటి నుంచి.

కోవెంట్రీ_చెల్లి
రీడింగ్ అంకుల్, నాకు 19. పిల్లల వైపు నుంచి నేనూ చెప్తాను. నాన్న కూడా మీలాగే అనుకున్నాడు, నేనే ఒప్పుకోలేదు. మంచితనం ఏం కాదు, నాకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకు వచ్చే తగ్గింపు) కావాలి! నేమ్డ్ డ్రైవర్‌గా ఎన్నేళ్లు నడిపినా చాలా కంపెనీల్లో అది మన ఖాతాలోకి రాదు. 21 ఏళ్లకు వెళ్లి సున్నా నుంచి మొదలుపెట్టాలి.

మెయిన్ డ్రైవర్‌గా నా పేరు, కింద నేమ్డ్ డ్రైవర్లుగా అమ్మ, నాన్న. వాళ్లిద్దరికీ పదేళ్ల పైగా ఇక్కడి లైసెన్స్ ఉంది కాబట్టి 300 దాకా తగ్గింది. ఇలా తిరగేసి పెడితే తప్పులేదు, కాకపోతే వాళ్లు నిజంగా అప్పుడప్పుడు నడపాలి. బ్లాక్ బాక్స్ (ఎలా నడుపుతున్నామో కంపెనీకి చెప్పే పరికరం) పెట్టించుకున్నాను. దానితో పెద్ద టెన్షన్. ఒకసారి నక్క అడ్డం వస్తే బ్రేక్ కొట్టాను, స్కోరు పడిపోయింది, నాన్న ఫోన్‌లో యాప్ చూసి "ఏమ్మా, ఎక్కడున్నావ్" అని కాల్. మొదటి ఏడు 1,900, ఈ ఏడు 1,150.

అమ్మాయిలకు తక్కువట కదా అని అందరూ అడుగుతారు. 2012 డిసెంబర్ నుంచి ఆడ మగ చూసి రేటు వేయడం లేదు.

ఎంకే_మామయ్య
మెయిన్ డ్రైవర్‌గా నాన్న పేరుంటే చాలు అదంతా మోసమే అనుకోకండి. మా ఇంట్లో ఒకటే కారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా స్టేషన్‌కు నేనే తీసుకెళ్తాను. అమ్మాయి సాయంత్రాలు షటిల్‌కు, ఆదివారం స్నేహితుల దగ్గరికి. మెయిన్ డ్రైవర్ నేను, అమ్మాయి నేమ్డ్. ఇది నిజం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అమ్మాయి లీడ్స్‌లో యూనివర్సిటీకి వెళ్తూ కారు తీసుకెళ్లింది. అప్పుడు మెయిన్ డ్రైవరూ మారినట్టే, కారు రాత్రిళ్లు ఉండే చోటూ మారినట్టే. రెన్యువల్ దాకా ఆగొచ్చులే అనుకున్నాను. మా ఆవిడ ఆగనివ్వలేదు, ఆరోజే ఫోన్ చేయించింది.

హౌన్స్లో_బావ
సరే, ఒప్పుకున్నాను. పెట్రోల్ మూత దెబ్బకు. కానీ 2,140 అంటే సామాన్యం కాదండీ, అందులో 12 శాతం పన్ను కూడా. నెలనెలా కడితే పైన వడ్డీ. రీడింగ్ అన్నా, వాడికి కాలేజీకి బస్సు ఉంటే ఒక ఏడాది ఆగండి. సెలవుల్లో మీ కారుకే రోజుల లెక్కన టెంపరరీ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు.

రీడింగ్_నాన్న
అందరికీ థాంక్స్. లెస్టర్ అమ్మగారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. విని ఏం మాట్లాడకుండా బయటికి వెళ్లి మా పెద్ద కారుకు మూత ఎటుందో చూసొచ్చింది.

బస్సు సంగతి అడిగాం, రెండు మారాలి, గంటా పది నిమిషాలు. అందుకే ఐ10 కొంటున్నాం. మెయిన్ డ్రైవర్ మావాడే. మేమిద్దరం నేమ్డ్. బ్లాక్ బాక్స్ పెట్టి, ఎక్సెస్ (క్లెయిమ్‌లో మేం భరించే వాటా) కాస్త పెంచితే 1,720కి వచ్చింది. అందులో 500 వాడే ఇస్తానన్నాడు, శనివారాలు ఒక షూ షాపులో పని చేస్తున్నాడు.

నిన్న రాత్రి అంతా నింపి, డబ్బు కట్టబోతుంటే వాడు వెనక నిలబడి చదివి, "నాన్నా, షాపుకు కూడా కారులోనే వెళ్తాను కదా, నువ్వు సోషల్ (సొంత తిరుగుళ్లు) ఒక్కటే టిక్ చేశావు, కమ్యూటింగ్ (పనికి వెళ్లిరావడం) పెట్టలేదు" అన్నాడు. వెనక్కి వెళ్లి మార్చాను. ఇంకో 34 పౌండ్లు.